చెట్టు ఎటు పడాలి? ఇద్దరు లాగే రంపం నుంచి గొలుసు రంపం దాకా



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మర్నాడు ఏ వీధిలోకి వెళ్ళినా కూలిన చెట్లే. పెద్ద రోడ్ల మీద విపత్తు సహాయక దళాలు గొలుసు రంపాలతో మానులు కోసి దారి చేస్తున్నాయి. మా వీధిలో మాత్రం ఎవరో అద్దెకు తెచ్చిన యంత్రంతో ఒక యువకుడు ఆ పనికి దిగాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు, తలకు తువ్వాలు. రెండు ప్రహరీ గోడల మధ్య ఇరుక్కుని విల్లులా పైకి వంగి ఉన్న ఒక కొమ్మను అతను పైవైపు నుంచి కోయసాగాడు. కోత సగమైనా కాకముందే కొమ్మ ఫట్టున విడిపోయి అతని మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగింది.

వంచిన వస్తువులో స్థితిస్థాపక శక్తి నిలవ ఉంటుందని నేను అప్పటికే ఇరవై ఏళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. విల్లు బొమ్మ కూడా నల్లబల్ల మీద వేసి చూపిస్తూనే ఉన్నాను. అయినా గోడ పక్కన నిలబడి చూస్తూ కూడా అతన్ని హెచ్చరించలేకపోయాను. ఆ కొమ్మలో నా పాఠమే ఉందని నాకు తోచలేదు. ఈ రోజు పాఠం ఆ లోటు తీర్చుకోవడానికే.

ఈ పాఠంలో మనం మూడు విషయాలు తెలుసుకుందాం. కలపను అడ్డంగా కోయడం ఎందుకు కష్టం? నిలబడి ఉన్న చెట్టును అనుకున్న వైపుకే ఎలా పడగొడతారు? యంత్రం వచ్చాక ఈ పనిలో ఏది మారింది, ఏది మారలేదు? ఈ ప్రశ్నలకు జవాబులు బాగా దొరికే చోటు ఒకటుంది. అది ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం. ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్లు కొన్ని అక్కడే ఉన్నాయి కనుక, వాటిని కూల్చే విద్య కూడా అక్కడ బాగా ముదిరింది.

1. పలక మీద నిలబడి కోత

కాలిఫోర్నియా ఉత్తర భాగం నుంచి ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల మీదుగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా సముద్రపు గాలి తగిలే కొండల మీద దట్టమైన అడవులు ఉండేవి. రెడ్‌వుడ్, డగ్లస్ ఫర్, సిట్కా స్ప్రూస్ వంటి చెట్లు అక్కడ 60 నుంచి 90 మీటర్ల ఎత్తు పెరగడం మామూలే. మాను అడుగుభాగం మూడు నాలుగు మీటర్ల అడ్డుకొలత ఉన్నవి కూడా ఉండేవి. అంటే మన తరగతి గదిలో సగాన్ని ఆక్రమించే మాను అన్నమాట.

19వ శతాబ్దంలో మొదట వీటిని గొడ్డళ్ళతోనే నరికేవారు. 1880ల నుంచి కూల్చే పనికి కూడా పొడవాటి అడ్డకోత రంపాలు వాడుకలోకి వచ్చాయి. రెండు చివరల పిడులు ఉండే ఈ రంపాన్ని ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలబడి లాగేవారు. మన ఊళ్ళలో కరెంటు కోతమిషన్లు రాకముందు దుంగను ఎత్తు మీద పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద ఉండి రంపం లాగడం మీ తాతగారు చూసే ఉంటారు. అడిగి చూడండి. అక్కడి రంపం అంతకన్నా పొడవు. ఏడెనిమిది అడుగుల నుంచి పన్నెండు అడుగుల దాకా, రెడ్‌వుడ్ అడవుల్లో ఇంకా పొడవైనవీ ఉండేవి. పనివాళ్ళు దానికి పెట్టుకున్న ముద్దుపేరుకు అర్థం 'బాధల కొరడా'.

చెట్టు మొదలు నేల దగ్గర బాగా ఉబ్బి ఉంటుంది. అక్కడ జిగురు ఎక్కువ, పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. అందుకని పనివాళ్ళు నేల మీద నిలబడి కోసేవారు కాదు. మానుకు గొడ్డలితో చిన్న గూడు చెక్కి, ఇనుప మొన ఉన్న పలకను అందులో దోపి, దాని మీద ఎక్కి నిలబడేవారు. ఇంకా ఎత్తు కావాలంటే ఆ పలక మీద నుంచి మరో గూడు చెక్కి రెండో పలక దోపేవారు. ఆ పలకే నేల, ఆ పలకే ప్రాణం. ఆ అడవుల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత మొద్దుల మీద రెండు కళ్ళలా కనిపించే గుంటలు ఆ గూళ్ళే.

వాళ్ళ సరంజామా కూడా చూద్దాం. రెండంచుల గొడ్డలి ఒకటి. ఉక్కుతో చేసిన వెడ్జీలు, అంటే ఒక చివర మందంగా, మరో చివర పలుచగా ఉండే దిమ్మలు కొన్ని. వాటిని కొట్టడానికి సమ్మెట. రంపానికి అంటుకునే జిగురును కరిగించడానికి కొక్కెం తగిలించిన సీసాలో కిరోసిన్. అడుగున మేకులు బిగించిన తోలు బూట్లు. కొమ్మలకు తగులుకోకుండా కింది అంచు కత్తిరించేసిన పంట్లాం, దానికి భుజాల మీదుగా పట్టీలు. తలకు మాత్రం చాలాకాలం గుడ్డ టోపీయే. పైనుంచి విరిగిపడే ఎండుకొమ్మకు అక్కడివారు పెట్టిన పేరుకు అర్థం 'భార్యను విధవను చేసేది'. ఆ పేరు ఊరికే రాలేదు.

2. పన్ను చేసే పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కలప అంటే నిలువుగా పేర్చిన సన్నటి గొట్టాల కట్ట అనుకోండి. ఈ గొట్టాల గోడలకు బలాన్నిచ్చేది సెల్యులోజ్. వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచేది లిగ్నిన్. పొడవునా చీల్చాలంటే అతుకు విడదీస్తే చాలు. అందుకే పొయ్యిలో కట్టె గొడ్డలి దెబ్బకు ఇట్టే చీలుతుంది. అడ్డంగా కోయాలంటే మాత్రం ప్రతి గొట్టాన్నీ తెంచాలి. పైగా ఒక్కచోట తెంచితే సరిపోదు. రంపం కదలడానికి దారి కావాలి కనుక రెండుచోట్ల తెంచి, మధ్య ముక్కను బయటికి లాగెయ్యాలి.

అడ్డకోత రంపంలో ఈ రెండు పనులకూ రెండు రకాల పళ్ళు ఉంటాయి. కత్తిలా పదునైన పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంగి ఉండి, కోతకు రెండు అంచులా పోగులను తెంచుతాయి. వాటి మధ్య ఉండే గీరుడు పన్ను చిత్రిక పట్టినట్టు ఆ తెగిన ముక్కను లేపుతుంది. గీరుడు పన్ను కత్తిపళ్ళ కన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. ముందు పోగు తెగాలి, తరువాతే లేవాలి కదా! పళ్ళ మధ్య ఉన్న ఖాళీలో ఆ తురుము చేరి, రంపం బయటికి వచ్చినప్పుడు రాలిపోతుంది. పళ్ళను పక్కలకు వంచడం వల్ల కోత రంపపు రేకు కన్నా వెడల్పుగా పడుతుంది. రేకు ఇరుక్కోకుండా కదులుతుంది.

పదును బాగున్న రంపం నుంచి పొడుగాటి సేమ్యా లాంటి తురుము వస్తుంది. మొద్దుబారిన రంపం నుంచి పిండి లాంటి పొట్టు వస్తుంది. పొట్టు చూసి రంపం సంగతి చెప్పేవారు అనుభవజ్ఞులు. అందుకే ప్రతి శిబిరంలోనూ ఆకురాయితో పళ్ళు పదును పెట్టడానికే ఒక నిపుణుడు ఉండేవాడు. ఆయనకు గౌరవం, కూలి రెండూ ఎక్కువే.

ఇంకో చిన్న విషయం. ఈ రంపాన్ని లాగాలే గాని నెట్టకూడదు. పలుచని రేకు తన్యత బలాన్ని బాగా తట్టుకుంటుంది, సంపీడన బలానికి మాత్రం వంగిపోతుంది. కాగితం ముక్కను రెండు చివరలా పట్టుకుని లాగి చూడండి, తరువాత నెట్టి చూడండి. తేడా తెలుస్తుంది. ఒకరు లాగుతుంటే రెండోవారు చెయ్యి తేలికగా ఉంచి రంపాన్ని వెళ్ళనివ్వాలి. కొత్తవాడు నెట్టడం మొదలుపెడితే ఎదుటివాడి భుజం విరిగినంత పనయ్యేది.

3. కోయకుండా వదిలే భాగం

ఇక ఈ పాఠానికి గుండెకాయ వంటి విషయం. చెట్టును కోసేస్తే పడుతుంది, నిజమే. ఎటు పడుతుంది?

ముందుగా చెట్టు ఎటు పడాలో నిర్ణయిస్తారు. మాను ఏవైపు వాలి ఉంది, కొమ్మల బరువు ఎటు ఎక్కువ, గాలి ఎటు వీస్తోంది, ఇవన్నీ చూస్తారు. చెట్టు గరిమనాభి ఎక్కడుందో కంటితోనే అంచనా కడతారన్నమాట. తరువాత మూడు దశలు.

మొదటిది, పడవలసిన వైపున ముందు గాటు. మాను అడ్డుకొలతలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతున, తెరిచిన నోరులా ఒక ముక్కను కోసి తీసేస్తారు. చెట్టు ముందుకు వాలడానికి ఇది చోటు ఇస్తుంది.

రెండోది, ఎదురువైపు నుంచి వెనక కోత. ఇది ముందు గాటు అడుగు కన్నా కొద్దిగా పైన సాగుతుంది. రంపం లోపలికి వెళ్ళాక దాని వెనక వెడ్జీలు కొడతారు. చెట్టు వెనక్కి కూర్చుని రంపాన్ని పట్టేయకుండా ఇవి అడ్డుపడతాయి. వెడ్జీ ఒక వాలు తలం. సమ్మెట దెబ్బకు అది చాలా దూరం లోపలికి పోయి, చెట్టును కొంచెమే పైకి ఎత్తుతుంది. అందుకే చిన్న బలంతో టన్నుల బరువు కదులుతుంది.

మూడోది కోత కాదు. కోత ఆపడం. ముందు గాటుకూ వెనక కోతకూ మధ్య అడ్డుకొలతలో సుమారు పదో వంతు కలపను కోయకుండా వదిలేస్తారు. తలుపుకు మడతబందు ఎలాగో చెట్టుకు ఈ పట్టీ అలాగ. చెట్టు ఒరగడం మొదలుపెట్టగానే ఈ పట్టీలోని పోగులు వంగుతూ, మానును మొద్దుకు పట్టి ఉంచుతూ, ఒకే దిశలో తిరగనిస్తాయి. ముందు గాటు పెదవులు మూసుకున్నాక పోగులు తెగుతాయి. అప్పటికి చెట్టు దారి ఖరారైపోయి ఉంటుంది.

ఆ పట్టీని కూడా కోసేస్తే? చెట్టు మొద్దు మీద బొంగరంలా తిరిగి, తన ఇష్టం వచ్చినవైపు పడుతుంది. పట్టీ ఒకవైపు సన్నగా, మరోవైపు మందంగా ఉంటే మందంగా ఉన్నవైపుకు లాక్కుపోతుంది. బాగా వాలి ఉన్న చెట్టుకు వెనక కోత నిదానంగా సాగితే ఇంకో ప్రమాదం ఉంది. పట్టీ ఇంకా మందంగా ఉండగానే చెట్టు ఒరిగి, మాను నిలువునా చీలుతుంది. చీలిన సగం పైకి లేచి, కోస్తున్న మనిషి మీదికే తన్నుకొస్తుంది.

చెట్టును పడగొట్టేది కోసిన భాగమే. దారి చూపేది కోయకుండా వదిలిన భాగం. రంపం మారినా, యంత్రం వచ్చినా ఈ సూత్రం మారలేదు.

రెడ్‌వుడ్ కలప పెళుసు. బండ మీద పడితే ముక్కలైపోతుంది. అందుకని అది పడే చోట ముందుగానే కొమ్మలూ మట్టీ పరిచి పాన్పు సిద్ధం చేసేవారు. ఒక పెద్ద చెట్టుకు ఒక రోజు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పట్టేది. పడిన మానును దుంగలుగా కోసి మొదట్లో ఎద్దులతో ఈడ్పించేవారు. కాలిఫోర్నియాలోని యురేకాలో జాన్ డోల్బీర్ 1881లో ఆవిరి యంత్రంతో నడిచే లాగుడు చక్రాన్ని తయారు చేశాక ఎద్దుల పని క్రమంగా తగ్గింది. లాగుడు పనికి 19వ శతాబ్దంలోనే యంత్రం వచ్చింది. కోత మాత్రం ఇంకో అరవై ఏళ్ళపాటు మనిషి భుజాల మీదే నడిచింది.

4. ఆ అడవుల్లో మనవాళ్ళు

ఆ భుజాల్లో కొన్ని మన దేశం నుంచి వెళ్ళినవే. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పంజాబు నుంచి వెళ్ళిన సిక్కులు చాలామంది వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియాలలోని కలప మిల్లుల్లో పనికి కుదిరారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ పట్టణంలో 1907 సెప్టెంబరు 4న ఒక మూక భారతీయ కార్మికుల మీద దాడి చేసి వారిని ఊరి నుంచి తరిమేసింది. ఆ అడవుల్లోనే నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. 1906లో కెనడా చేరిన మేయో సింగ్ తరువాత వాంకోవర్ ద్వీపంలో సొంతంగా కలప మిల్లు పెట్టాడు. దాని చుట్టూ వెలసిన ఊరికి పంజాబులోని తన గ్రామం పేరే, పాల్డీ అని, పెట్టుకున్నాడు.

5. గొలుసు రంపం పుట్టుక

పళ్ళున్న గొలుసును తిప్పి కోయాలన్న ఆలోచన అడవిలో పుట్టలేదు. వైద్యశాలలో పుట్టింది. జర్మనీకి చెందిన బెర్నార్డ్ హైనె 1830 ప్రాంతంలో ఎముకలు కోయడానికి ఒక పరికరం చేశాడు. పిడి తిప్పితే చిన్న గొలుసు ఒక రేకు చుట్టూ తిరుగుతుంది. సుత్తి, ఉలి అక్కరలేకుండా ఎముక తెగుతుంది. ఆ కాలంలో మత్తుమందులు లేవు కనుక కోత ఎంత త్వరగా ముగిస్తే రోగికి అంత మేలు.

అదే ఆలోచన ఒక శతాబ్దం తరువాత కలపకు వచ్చింది. 1926లో ఆండ్రియాస్ స్టిల్ జర్మనీలో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు ఇంజనుతో నడిచే రంపాన్ని చేసి డోల్మార్ అనే కొండ మీద పరీక్షించాడు. 1929లో స్టిల్ కూడా పెట్రోలు యంత్రం తెచ్చాడు. ఇవన్నీ 50 కిలోలకు అటూ ఇటూ బరువుండేవి. ఇద్దరు మోస్తేగాని కదలవు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ యంత్రాలు అందకపోవడంతో అమెరికా, కెనడా కంపెనీలు సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టాయి. యుద్ధకాలంలో తేలిక లోహాల వాడకం, చిన్న ఇంజన్ల తయారీ మెరుగుపడ్డాయి. 1949లో అమెరికాలోని మెక్‌కలక్ కంపెనీ సుమారు 11 కిలోల యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. 1959లో స్టిల్ కంపెనీ తెచ్చిన కాంట్రా అనే యంత్రం 12 కిలోల బరువుతో 6 అశ్వశక్తినిచ్చేది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి పని చేస్తే సుమారు 75 వాట్ల సామర్థ్యం ఇవ్వగలడు. ఇద్దరికి 150 వాట్లు. ఒక అశ్వశక్తి 746 వాట్లు కనుక 6 అశ్వశక్తులు దాదాపు 4,500 వాట్లు. అంటే ఒక్క మనిషి చేతిలో అరవై మంది సామర్థ్యం వచ్చి చేరింది.

6. పురుగు నేర్పిన పాఠం

శక్తి వచ్చింది గాని పన్ను పాతదే. తొలి గొలుసులకు కత్తిపళ్ళూ గీరుడు పళ్ళూ పాత అడ్డకోత రంపాన్ని చూసి పెట్టినవే. ఇంజను వేగానికి అవి త్వరగా మొద్దుబారేవి. పనిలో చాలా భాగం పదును పెట్టుకోవడానికే పోయేది.

1946లో ఆరెగన్ అడవిలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కలప పనివాడు ఒక మొద్దును తొలుస్తున్న పురుగును గమనించాడు. అది పొడుగు మీసాల పెంకుపురుగు జాతి ఒకదాని డింభకం. మనిషి బొటనవేలంత ఉంటుంది. పోగుల వెంటా, పోగులకు అడ్డంగా కూడా ఒకే తీరుగా కలపను తినేస్తోంది. కాక్స్ దాని నోటిని పరిశీలించాడు. రెండు దవడలు, ఒకటి ఎడమ, ఒకటి కుడి, ఇంగ్లీషు సి అక్షరంలా వంగి ఉన్నాయి. అవి గీరడం లేదు. పక్క నుంచి తెంచుతూ, అదే ఊపులో అడుగు నుంచి లేపుతున్నాయి.

ఆ దవడల రూపంలోనే కాక్స్ ఉక్కు పళ్ళు చేశాడు. ప్రతి పన్నుకూ వంగిన నిలువు అంచు పోగును తెంచుతుంది, అడ్డపు అంచు ముక్కను లేపుతుంది. రెండు రకాల పళ్ళు చేసే పని ఒక్క పన్నే చేస్తుంది. 1947లో పోర్ట్‌లండ్ నగరంలో తన ఇంటి నేలమాళిగలో వీటి తయారీ మొదలుపెట్టాడు. ఈనాటి గొలుసు రంపాల పళ్ళు చాలావరకు ఆ రూపం నుంచి వచ్చినవే. అడవిలో ఆ పురుగును ఎందరో చూసి ఉంటారు. ఇది ఎలా కోస్తోంది అని అడిగినవాడు కాక్స్.

7. యంత్రం లోపల

గొలుసు రంపంలో ఉండేది రెండు స్ట్రోకుల ఇంజను. దీనికి విడిగా నూనె తొట్టి ఉండదు. కందెన నూనెను పెట్రోలులోనే కలుపుతారు. అందువల్ల యంత్రాన్ని పక్కకు తిప్పినా, తలకిందులు చేసినా నూనె అందుతుంది. పాత కార్బురేటరులో పెట్రోలు మట్టాన్ని ఒక తేలే బుడ్డి చూసేది. యంత్రం ఒరిగితే బుడ్డి పనిచేయదు, ఇంజను ఆగిపోతుంది. బుడ్డికి బదులు పలుచని పొర పీడన భేదంతో కదిలే డయాఫ్రమ్ కార్బురేటరు వచ్చాక ఈ ఇబ్బంది తీరింది.

ఇంజనుకూ గొలుసుకూ మధ్య అపకేంద్ర క్లచ్ ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గొలుసు కదలదు. వేగం పెంచితే క్లచ్ దిమ్మలు బయటికి జరిగి చుట్టూ ఉన్న గిన్నెను పట్టుకుంటాయి. అప్పుడు గొలుసు పరుగెత్తుతుంది. పూర్తి వేగంలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు పోతుంది. ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. దాన్ని అరగదీసేస్తే త్వరగా తెగుతుందని కొందరు అనుకుంటారు. పన్ను మితిమీరి కొరికి, యంత్రం చేతుల్లో ఎగిరిపడుతుంది.

8. వేగం అడిగిన మూల్యం

రేకు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే, పళ్ళు అక్కడ పట్టుకుని, గొలుసుకున్న బలమంతా రేకును పైకి, వెనక్కి, మనిషి ముఖం వైపు విసురుతుంది. న్యూటన్ మూడో నియమం ఇక్కడ ఎవరినీ క్షమించదు. మనిషి ప్రతిస్పందించడానికి సుమారు ఐదో వంతు సెకను పడుతుంది. వెనక్కి తన్నడం అంతలోపే ముగిసిపోతుంది. అందుకని 1970లలో గొలుసు బ్రేకు వచ్చింది. ముందు పిడి దగ్గరున్న కవచానికి చెయ్యి తగలగానే గొలుసు క్షణంలో ఆగిపోతుంది.

రెండో మూల్యం నెమ్మదిగా పడింది. ఏళ్ళ తరబడి యంత్రం పట్టినవారి వేళ్ళు చలిలో తెల్లబడి స్పర్శ కోల్పోసాగాయి. కంపనాల వల్ల వేళ్ళలోని రక్తనాళాలు, నరాలు దెబ్బతినడమే కారణం. 1960లలో దీని తీవ్రత బయటపడ్డాక పిడులకూ ఇంజనుకూ మధ్య రబ్బరు దిమ్మలు అమర్చడం మొదలైంది. చెవులకు మూతలు, ముఖానికి జల్లెడ తెర, తలకు గట్టి టోపీ వచ్చాయి. కాళ్ళకు ప్రత్యేకమైన తొడుగు వచ్చింది. అందులోని పొడవాటి కృత్రిమ పోగులు గొలుసు తగలగానే బయటికి వచ్చి, పళ్ళచక్రానికి చుట్టుకుని, దాన్ని బిగబట్టేస్తాయి.

ఇన్ని వచ్చినా అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే లెక్కల్లో అడవిలో చెట్లు కొట్టడం అత్యంత ప్రాణాపాయకరమైన వృత్తుల్లో ఒకటిగానే ఉంటూ వస్తోంది. గొలుసు బ్రేకు గొలుసును ఆపగలదు. పడే చెట్టును ఆపలేదు.

ఇప్పుడు మా వీధిలోని కొమ్మ దగ్గరికి తిరిగి వెళ్దాం. పైకి వంగిన కొమ్మలో పైభాగపు పోగులు సాగి, తన్యతలో ఉన్నాయి. లోపలి వంపు పోగులు నొక్కుకుని, సంపీడనంలో ఉన్నాయి. ఆ యువకుడు సాగి ఉన్నవైపే తెంచాడు. బిగించిన విల్లునారిని కోసినట్టయింది. శిక్షణ పొందినవారు పక్కకు నిలబడి, లోపలి వంపును కొంచెం కొంచెంగా గీరి, నిలవ ఉన్న శక్తిని మెల్లగా బయటికి పోనిస్తారు. అతనికి యంత్రం అద్దెకు ఇచ్చినవారు పెట్రోలు ఎంత పోయాలో చెప్పారు. ఈ సంగతి చెప్పలేదు. చదువుకున్న నేనూ చెప్పలేదు.

9. అడవిలో వదిలిన భాగం

పాత రంపం నెమ్మది. ఆ నెమ్మదే అడవికి కొంత రక్షణ. యంత్రాలు వచ్చాక, ముఖ్యంగా యుద్ధం తరువాత, ఆ రక్షణ పోయింది. ఒకప్పుడు సుమారు 20 లక్షల ఎకరాలలో ఉన్న పురాతన రెడ్‌వుడ్ అడవిలో ఈనాడు మిగిలింది దాదాపు ఐదు శాతం. 1968లో రెడ్‌వుడ్ జాతీయ పార్కు ఏర్పడింది, 1978లో దాన్ని విస్తరించారు. ఇప్పటికి తెలిసిన చెట్లలో అన్నిటికన్నా ఎత్తైనది, సుమారు 115 మీటర్ల రెడ్‌వుడ్, 2006లో కనిపించింది ఆ పార్కులోనే. హైపీరియన్ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల కోత ఆగబట్టి అది మనకు దక్కింది.

మన దగ్గర 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనేది, చెట్టు కొట్టే ముందు అనుమతి తీసుకోవాలంటుంది. అరవై మంది బలం ఒక చేతిలోకి వచ్చినప్పుడు, కోత ఎక్కడ ఆపాలో చెప్పే నియమం బయటి నుంచే రావాలి. యంత్రం తనంతట తాను చెప్పదు.

మననం చేసుకుందాం

కలపను అడ్డంగా కోయాలంటే పోగును తెంచాలి, ముక్కను లేపాలి. చెట్టు పడే దిశను నిర్ణయించేది ముందు గాటు, దానికి కాపలా కాసేది కోయకుండా వదిలిన పట్టీ. గొలుసు రంపం కోత కాలాన్ని రోజు నుంచి నిమిషాలకు తెచ్చింది, చెట్టును చదవవలసిన అవసరాన్ని తగ్గించలేదు. వంగిన ప్రతి కొమ్మా నిలవ ఉన్న శక్తే.

ఆలోచించండి

1. ఒక దుంగ రెండు చివరలూ రాళ్ళ మీద ఆని, మధ్యలో గాలిలో ఉంది. పైనుంచి కోస్తే రంపం ఎందుకు ఇరుక్కుంటుంది?
2. ఒక చివరే ఆని, రెండో చివర గాలిలో ఉంటే తన్యత ఏవైపు ఉంటుంది? బొమ్మ వేసి చూపండి.
3. చెట్టు కూల్చే చోటికి చూసేవారు కనీసం చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలంటారు. ఎత్తుతో సమానమైన దూరం ఎందుకు చాలదు?

ఈసారి తుపాను వెలిసిన ఉదయం మీ వీధిలో ఎవరైనా రంపం పట్టుకుని వంగిన కొమ్మ దగ్గరికి వెళ్తుంటే, మూడో నిమిషం దాకా ఆగకండి. ముందే పిలవండి.